గదికి ఎన్ని నిమిషాలు?

ఆ ఉదయం లెక్కల టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి బడికి రావాలి. ఆయా చీపురు పట్టినప్పటి నుంచి దింపేదాకా లెక్క రాయించాలి. పదింటికి ఆ లెక్కతోనే ఏడో తరగతికి రేట్ల పాఠం చెప్పాలి. మూడింటికి దాన్నే కమిటీ ముందు పెట్టాలి. పాఠమూ పూర్తవుతుంది, న్యాయమూ జరుగుతుంది. ముప్ఫై ఒక్క సంవత్సరాల ఉద్యోగంలో ఆమె పథకం ఒక్కటీ తప్పలేదు. వాటిలో ఇతరులకు ఎన్నడూ పని అప్పగించకపోవడమే అందుకు కారణమని ఆమెకు ఇంకా తెలియదు.

న్యాయం కావలసింది ఆయాకు. యంత్రాలతో వచ్చి ఊడ్చిపోయే కంపెనీ ఒకటి "గంటలో పని" అంటూ బడికి ఉత్తరం రాసింది. ఆయా మూడు గంటలు తీసుకుంటుంది. మూడు పెద్దదా, ఒకటి పెద్దదా అన్నంత వరకు హెడ్మాస్టరుకు లెక్కలు వచ్చు. ఇరవై రెండేళ్ళుగా ఉన్న ఆయాను తీసేయాలని ఆయన సిఫారసు రాసి కమిటీకి పెట్టాడు.

"గంటలో ఎన్ని గదులండీ?" అని టీచరు ముందురోజే అడిగింది.

"గంటలో పని అన్నారు టీచరుగారూ. గంటంటే గంటే. ఉత్తరం మొదటి పేజీలోనే ఉంది."

"రెండో పేజీలో ఏముంది?"

"మొదటి పేజీ బాగున్నాక రెండోది ఎందుకండీ?"

దేనికి అన్నది వదిలేసి ఎంత అన్నది మాత్రం చెప్పడం ఆమె తరగతిలో సగం మార్కులు పోయే తప్పు. నలభై పేజీలు చదివామంటే "ఎన్ని నిమిషాల్లో?" అంటుంది. బస్సు చాలా వేగంగా వచ్చిందంటే "గంటకు ఎంత?" అంటుంది. పిల్లలు వెనకాల ఆమెను 'దేనికెంత' అని పిలుస్తారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పేరులో తప్పు లేదు కనుక ఊరుకుంది.

ఏడింటికి రెండు జడల పిల్ల పరీక్ష అట్టా, పెన్సిలూ పట్టుకుని సిద్ధంగా నిలబడింది. ఏడో తరగతిలో టీచరు మాటను అక్షరం పొల్లుపోకుండా పాటించే పిల్ల అది. ఆ గుణం ఎంత ప్రమాదకరమో ఆ రోజే తెలియవలసి ఉంది. టీచరు తన చేతిగడియారం విప్పి ఆ పిల్ల చేతికి కట్టింది.

"నన్నెందుకమ్మా లెక్కెడతారు?" అంది ఆయా. "నేనేమన్నా పారిపోతానా?"

"నీ మంచికేలే. నీ పని నువ్వు చేసుకో."

"ఇన్నేళ్ళూ ఎవరూ నా మంచి చూళ్ళేదు. నేనూ బాగానే ఉన్నాను," అని గొణుక్కుంటూ ఆయా మొదటి గదిలోకి నడిచింది.

పది గంటలకు ఆయా చీపురు దింపింది. మూడు గంటలు, ముప్ఫై గదులు. నూట ఎనభై నిమిషాలను ముప్ఫైతో భాగిస్తే గదికి ఆరు. మొదటి గదికీ ఆరు నిమిషాలే, చివరి గదికీ ఆరు నిమిషాలే. పక్కన గడియారం ఉన్నా ఆమె చెయ్యి పరుగెత్తలేదు, నడుం వాల్చలేదు. టీచరుకు ఆ కాగితం చూడగానే కడుపు నిండిపోయింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కాని కాన్వెంటు సిస్టర్ల దగ్గర బెత్తం కింద చదువుకున్న ఆమె మనస్సాక్షికి ఒక్క మనిషినే కొలవడం పక్షపాతంగా తోచింది. కొలిస్తే అందరినీ కొలవాలి. ఏడో తరగతిని జంటలుగా విడదీసింది.

"బడిలో ఎక్కడికైనా వెళ్ళండి. ఏదో ఒక పని ఎంచుకోండి. ఎంత పని, ఎంతసేపట్లో జరిగిందో రాయండి. తర్వాత నిమిషానికి ఎంతో తేల్చండి. ఒక్క షరతు. ఎవరితోనూ మాట్లాడకూడదు. ఎవరేమడిగినా బదులివ్వకూడదు. కొలిచేవాడు నోరు విప్పితే కొలత పాడవుతుంది."

నలభైమంది పిల్లలు అట్టలు పట్టుకుని, పెదవులు బిగించి, బడి నాలుగు మూలలకూ వెళ్ళారు.

గుమాస్తా గది తలుపు దగ్గర నిలబడిన జంటలో రెండు జడల పిల్ల ఒకతి. గుమాస్తా నింపాదిగా కాగితాల మీద ముద్రలు వేసుకుంటున్నాడు. నిమిషానికి రెండు. తల ఎత్తి చూశాడు.

"ఏం కావాలమ్మా?"

పిల్ల గడియారం చూసింది, అట్ట మీద ఏదో రాసింది.

"ఎవరు పంపారు?"

రెండో పిల్ల కూడా రాసింది. గుమాస్తా చేతిలోని ముద్ర గాల్లోనే ఆగింది. మూడింటికి కమిటీ ఉంది. ఎవరినో తీసేస్తారని విన్నాడు కాని ఎవరినో సరిగా వినలేదు. బల్ల మీద నాలుగు నెలల కాగితాలు గుట్టగా ఉన్నాయి. కమిటీ కార్యదర్శిగారు సంతకాలు పెట్టి, "చూసి ముద్ర వెయ్యి" అని ఇచ్చినవి. చూడడం మానేసి గుమాస్తా ముద్ర ఎత్తాడు. మంజూరు, మంజూరు, మంజూరు. అయిదు నిమిషాల్లో గుట్ట అడుగు కనిపించింది. అన్నీ కట్టకట్టి, చెమట తుడుచుకుని, పిల్లల వైపు దీనంగా నవ్వాడు. వాళ్ళు నవ్వలేదు. రాసుకున్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంకో జంట హెడ్మాస్టరు కిటికీ దగ్గర నిలబడింది. ఆయన ఫోనులో ఉన్నాడు. ఫోను పెట్టి చూస్తే రెండు జతల కళ్ళు తననే కొలుస్తున్నాయి.

"ఏ క్లాసు మీది? ఇక్కడేం పని?"

మౌనం.

"కార్యదర్శిగారు పంపారా?"

మౌనం. అందులో ఒక పిల్లకు తుమ్ము వచ్చి తల కిందికి ఆడింది. హెడ్మాస్టరు దాన్ని అవునని తీసుకున్నాడు. మరుక్షణం కుర్చీలోంచి లేచి, ఏడాదిగా చూడని తరగతులన్నిటికీ తలా ఒక నిమిషం చొప్పున దర్శనం ఇచ్చాడు. సైన్సు మాస్టరు ఆయన్ని చూసి గుండె పాఠం మొదలుపెట్టి మూత్రపిండాల పాఠంలో తేలాడు. మైదానంలో డ్రిల్లు మాస్టరు నీడన కూర్చుని ఉన్నాడు.

"కాస్త వేగం చూపించండయ్యా," అన్నాడు హెడ్మాస్టరు. "పైనుంచి కొలుస్తున్నారు."

"ఎవరిని సార్?"

"అందరినీ."

డ్రిల్లు మాస్టరు మైదానంలో ఉన్న అరవైమంది చేత రోజూ తిప్పే రెండు చుట్లకు బదులు ఎనిమిది చుట్లు తిప్పించాడు. ఎనిమిదో చుట్టు అయ్యేసరికి అరవైమందికీ నోళ్ళు ఎండిపోయాయి. అందరూ ఒక్కసారి కుళాయిల మీద పడ్డారు. ఒక కుళాయి పిడి ఊడి ఎవరి చేతిలోకో వచ్చింది. నీళ్ళు మైదానంలోకి పారాయి, మైదానం బురదయింది. అంతలో రెండింటి గంట మోగింది. నూట ఇరవై బురద కాళ్ళు వరండాల్లోంచి, మెట్ల మీదుగా, దగ్గరి దారి అనుకున్న ప్రతి గదిలోంచీ పరుగెత్తాయి.

పావుగంటలో ముప్ఫై గదులూ మాగాణి పొలంలా తయారయ్యాయి. ఆయా చీపురు పట్టుకుని వరండా చివర నిలబడి చూసింది.

"నా మంచికే అన్నారు," అంది టీచరుతో.

టీచరు మొదటి గదిలోకి తొంగి చూసింది. తన పథకం తన కళ్ళముందే ఆయాకు ఉరితాడు పేనుతోంది. తుడిపిద్దామంటే వ్యవధి లేదు. మూడింటికి రావలసిన కార్యదర్శిగారు రెండున్నరకే వచ్చారు. తెల్లటి బట్టలు, తెల్లటి జోళ్ళు. నాలుగడుగులు వేసి ఆగి, కిందికి చూసుకున్నారు. జోళ్ళు ఇక తెల్లగా లేవు.

"చూశారా సార్," అన్నాడు హెడ్మాస్టరు. "మూడు గంటలు ఊడ్చాక ఉన్న శుభ్రం ఇది. నేను కల్పించి రాయలేదు."

కమిటీ అంటే ముగ్గురే. కార్యదర్శి, హెడ్మాస్టరు, బడిలో అందరికంటే సీనియరు కనుక లెక్కల టీచరు. ఆయాను గుమ్మం దగ్గర నిలబెట్టారు. ఎవరూ ఆమెను కూర్చోమనలేదు. టీచరు లేచి తన కుర్చీని గుమ్మం దాకా లాక్కెళ్ళి ఆమెకు వేసి, తిరిగి వచ్చి నిలబడే మాట్లాడింది.

"ఆ బురద తప్పు నాది. నా పిల్లలు నేను చెప్పినట్టే చేశారు, అందువల్ల వచ్చింది. ఊడ్చిన మనిషిది కాదు. ఇక వేగం సంగతి. మీ దగ్గరున్న ఉత్తరం రెండో పేజీ చదవండి."

హెడ్మాస్టరు దగ్గాడు. కార్యదర్శిగారు కళ్ళద్దాలు పెట్టుకుని పేజీ తిప్పి, వేలు పెట్టి చదివారు. "గంటకు ఆరు గదుల చొప్పున."

"గదికి పది నిమిషాలు," అంది టీచరు. "ముప్ఫై గదులకు అయిదు గంటలు. ఆయాకు గదికి ఆరు. ముప్ఫైకి మూడు గంటలు. మూడు గంటలని వినగానే నిదానమన్నాం. ఎన్ని గదులకని ఒక్కరం అడగలేదు. ఇదిగో పొద్దున రాసిన లెక్క, గది గదికీ ఉంది."

కార్యదర్శిగారు కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. హెడ్మాస్టరు నుదురు ముడివడింది, తర్వాత మెల్లగా విడింది. మొహం వెలిగిపోయింది. అయిదేళ్ళ పరిచయంలో ఆ మొహంలో లెక్క అర్థమైన వెలుగు టీచరు చూడడం అదే మొదలు. ఆమె ఒక్క క్షణం సంతోషించింది కూడా.

"గదికి ఆరు నిమిషాలా," అన్నాడాయన. "అయితే పక్క భవనంలో పది గదులున్నాయి సార్. పది ఆరులు అరవై. ఒక్క గంట. అవి కూడా ఆయాకే ఇచ్చేద్దాం. అక్కడి మనిషిని తీసెయ్యొచ్చు."

లెక్కలో తప్పు లేదు. టీచరు దాన్ని దిద్దలేకపోవడానికి అదే కారణం. చవటకు చక్కటి కత్తి సానబెట్టి ఇచ్చినట్టయింది. కార్యదర్శిగారు తల ఊపుతున్నారు.

గుమ్మం దగ్గర కుర్చీలోంచి ఆయా నెమ్మదిగా అంది. "టీచరమ్మా, ఇందాక ఒక ఉద్యోగం పోతుందన్నారు. ఇప్పుడు ఇద్దరు మనుషుల పని నెత్తిన పడింది. మీకు దణ్ణం పెడతాను, ఇంక నాకేం మేలు చెయ్యకండి."

"ఆజ్ఞ ఇప్పుడే రాసేస్తాను సార్," అని హెడ్మాస్టరు కలం తీశాడు.

సరిగ్గా అప్పుడు గుమాస్తా రెండు చేతులా కాగితాల కట్ట మోసుకుంటూ వచ్చాడు. వెనకే రెండు జడల పిల్ల వచ్చింది. చాలని టీచరు చెప్పనిదే కదలకూడదని ఆ పిల్ల పొద్దుటి నుంచీ అతన్ని వదల్లేదు.

"అన్నీ పూర్తి చేశాను సార్," అన్నాడు గుమాస్తా ఆయాసపడుతూ. "ఒక్కటి కూడా మిగల్లేదు. నన్ను తీసెయ్యనక్కర్లేదు."

కార్యదర్శిగారికి మనుషుల మాట మీద పెద్దగా నమ్మకం లేదు కాని ముద్ర మీద అపార గౌరవం. కట్ట పైనున్న కాగితం తీసి చదివారు. గుట్ట అడుగున ఎన్నాళ్ళుగానో పడి ఉండి, చివరగా ముద్ర పడింది కనుక పైకి వచ్చిన కాగితం అది. మూడు నెలల కిందట కొత్త కుర్చీ ఇవ్వలేదని అలిగి హెడ్మాస్టరు రాసిన సెలవు చీటీ. 'మంజూరైన క్షణం నుంచి నెలరోజులు' అని కోపంలో రాశాడు. కార్యదర్శిగారూ అదే కోపంలో సంతకం పెట్టారు. తెల్లవారి ఇద్దరి కోపాలూ చల్లారాయి. దాన్ని అడుగున పడెయ్యమని హెడ్మాస్టరే గుమాస్తాకు చెప్పాడు.

"మంజూరైంది," అన్నారు కార్యదర్శిగారు.

"అది... అది పొరపాటున పడింది సార్. అది అప్పటి మాట."

"సంతకం నాది, చీటీ మీది, ముద్ర బడిది. ముద్ర పడ్డాక ముద్రే. ఎప్పుడు పడిందయ్యా ఇది?"

గుమాస్తా తెల్లమొహం వేశాడు. టీచరు రెండు జడల పిల్ల వైపు చూసింది. "ఇప్పుడు మాట్లాడవచ్చు," అంది.

పిల్ల అట్ట చూసి గుక్క తిప్పుకోకుండా చదివింది. "మేం వెళ్ళినప్పుడు నిమిషానికి రెండు ముద్రలు. మమ్మల్ని చూశాక నిమిషానికి నలభై. అయిదు నిమిషాలకు రెండు వందలు. ఆఖరిది పదకొండూ నలభైకి."

"అయితే పదకొండూ నలభై నుంచి మీరు సెలవులో ఉన్నారు," అన్నారు కార్యదర్శిగారు హెడ్మాస్టరుతో. "సెలవులో ఉన్న మనిషి ఆజ్ఞలు రాయకూడదు. కలం అందరికంటే సీనియరు చేతికి ఇవ్వండి."

హెడ్మాస్టరు కలం ఇచ్చాడు. టీచరు కూర్చోకుండానే రాసింది. ఆయా ఉద్యోగం యథాతథం. ఆమెకు ముప్ఫై గదులు, ముప్ఫై ఒకటి కాదు. పక్క భవనం మనిషి పక్క భవనంలోనే ఉండాలి. ఈ రోజు బురద ఏడో తరగతీ, వాళ్ళ టీచరూ కడగాలి. సంతకం పెట్టి, ఆరబెట్టి, కార్యదర్శిగారి ముందుకు జరిపింది. గుమాస్తా ముద్ర వేశాక ఆయన దాన్ని రెండు చేతులతో అందుకున్నారు.

ఆయా లేచి కాగితం చదివించుకుని వింది. "ముప్ఫై ఒకటి కాదని రాశారుగా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత చీపురు తీసుకుని టీచరు చేతిలో పెట్టింది.

"మూలల్లో మొదలెట్టండమ్మా," అంది. "మధ్యలో మొదలెడితే రెండుసార్లు ఊడవాలి."

టీచరు చీపురుతో గుమ్మం దాటబోతుండగా గుమాస్తా వెనకాలే వచ్చి చేతులు నలుపుకున్నాడు. మిగతా నూట తొంభై తొమ్మిది కాగితాల్లోనూ ఏది మంజూరు కావాలో, ఏది కాకూడదో ఎవరూ చూడలేదని, ఇప్పుడు ఒక్కొక్కటీ చదివి, అవసరమైతే రద్దు చేసి, రిజిస్టరులో ఎక్కించాలని, అది హెడ్మాస్టరు స్థానంలో ఉన్నవారే చెయ్యాలని చెప్పాడు. రెండు జడల పిల్ల గడియారం సరిచేసుకుని అట్ట మీద కొత్త కాగితం పెట్టింది.

ముప్ఫై ఒక్క సంవత్సరాల ఉద్యోగంలో మొదటిసారి, కాగితానికి ఎన్ని నిమిషాలని లెక్కల టీచరు అడగలేదు.