సియెనాకు పదిహేడు బంతుల భోజనం

ఇటలీలోని సియెనా నగరం మంగళవారం పొద్దున ఏడింటికి బాపయ్య ఇంటివెనక బీడులోకి వస్తోందనీ, మూడు రోజులుండి గురువారం సాయంత్రం పోతుందనీ ఎదురింటి నాంచారమ్మ రేషన్ షాపు వరసలో చెప్పిందట. ఆ ముక్క పాలకేంద్రం మీదుగా ఊరంతా తిరిగి బాపయ్య భార్య సామ్రాజ్యం చెవిన పడేసరికి ఆదివారమైంది. వాళ్ల పెళ్లై పాతికేళ్లు నిండిన సందర్భంగా విహార శాఖవారు మంజూరు చేసిన సంబరపు విడిది అది. నగరం వస్తున్నందుకు ఆమె ఆశ్చర్యపోలేదు. పోయినేడు పక్క ఊరికి వెరోనా వచ్చింది. పంటకాలవకు అడ్డంగా దించారని రెండు రోజులు గొడవ కూడా అయింది. ఆమెకు మనసులో కలుక్కుమన్నది వేరే. తామే వెళ్తామనుకుంది.

"ఏందయ్యా, మనం పోతామన్నావు గందా?"

"గేదె ఈనబోతంది. కల్లంలో మిరపకాయుంది. ఎట్టా పోతామే? అందుకని దాన్నే రమ్మన్నా," అన్నాడు బాపయ్య, ఇంతకన్నా తెలివైన పని ఇంకోటి లేనట్టు.

దరఖాస్తులో ఏడో గడి అడిగేది అదే: లబ్ధిదారులు నగరానికి వెళ్తారా, నగరమే లబ్ధిదారుల వద్దకు రావలెనా? ఆ మండలంలో ఇంతవరకు మొదటిదానికి టిక్కు పెట్టినవాళ్లు లేరు. ఒకరికి గేదె, ఒకరికి నీళ్ల వంతు, ఒకరికి మంచాన పడ్డ అత్త. శాఖవారు కూడా దానికే అలవాటుపడి, నగరాల్ని విప్పి బిగించే మనుషుల్ని జిల్లాకు పదిమందిని పెట్టుకున్నారు.

సోమవారం విడిది ఇన్‌స్పెక్టరు దయానందం వచ్చి సూచనల కరపత్రం ఇచ్చిపోయాడు. సామ్రాజ్యం పొయ్యి దగ్గర కూర్చుని దాన్ని రెండుసార్లు చదువుకుంది. సందులు ఎగుడుదిగుడు గనుక మెత్తటి చెప్పులు వేసుకోవలెను. చర్చిలోకి భుజాలు కప్పుకుని వెళ్లవలెను. పొద్దున పదకొండు దాటాక పాలు కలిపిన కాఫీ అడిగి పరువు పోగొట్టుకోరాదు. ఇక నాలుగో సూచన: సాయంత్రం నగర చౌకులో కుర్చీలో కూర్చుని, వేరొకరు తెచ్చిచ్చిన కాఫీ తాగుతూ, గంటసేపు ఏమీ చేయకుండా ఉండవలెను.

అక్కడ ఆమె వేలు ఆగింది. పాతికేళ్లలో ఆమె కూర్చోలేదని కాదు. కూర్చున్నప్పుడల్లా చేతిలో చేటో, ఒళ్లో చిక్కుడుకాయలో ఉండేవి. ఉత్త చేతులతో గంటసేపు! మిగతా మూడు సూచనలూ ఎవరికి పంచిపెట్టినా తనకు అభ్యంతరం లేదనీ, ఈ ఒక్కటి మాత్రం వదిలేది లేదనీ నిశ్చయించుకుంది. కొత్త చీర మడత విప్పి దండెం మీద వేసింది.

చెప్పిన వేళకే నగరం వచ్చింది. తొమ్మిదెకరాల బీడు చాలక గంటల బురుజును నాంచారమ్మ చేలో నిలబెట్టారు. ఉత్తర్వు ప్రకారం నగరవాసులంతా ఆ మూడు రోజులూ తెలుగే మాట్లాడారు. మేయరు మెట్లు దిగొచ్చి బాపయ్యకు దణ్ణం పెట్టాడు. అప్పుడు బాపయ్య ఆ మాటన్నాడు.

"భోజనం మా ఇంట్లోనే. తినకుండా పోతే ఒప్పుకునేది లేదు."

గడప దగ్గరికొచ్చిన మనిషితో ఆ వైపు ఎవరైనా అనే మాటే. వచ్చినవాళ్లు "ఇప్పుడే తిన్నామండీ" అనాలి, వీళ్లు "అదేం కుదరదు" అనాలి, చివరికి గ్లాసు మజ్జిగతో తెమిలిపోవాలి. కానీ మేయరుది ఉత్తర్వు తెలుగు. అందులో ఈ వాడుక లేదు.

"చాలా సంతోషం. మా నగరమంతటినీ ఎన్నింటికి రమ్మంటారు?" అన్నాడు.

సియెనాలో పదిహేడు పేటలు. పేటకో జెండా. ఈ పేటవాళ్లకు ఆ పేటవాళ్లతో కొన్ని వందల ఏళ్లుగా పడదు. కలిసి బంతిలో కూర్చోరు. ఈ సంగతి చెప్పడానికి మేయరు కాస్త మొహమాటపడ్డాడు గానీ సామ్రాజ్యం పుట్టింటివైపు రెండు పార్టీల మధ్య పెరిగిన మనిషి.

"దానికేముంది, ఎవరి బంతి వాళ్లకే వేద్దాం. పప్పు ఒకటే, గరిటెలు వేరే," అంది.

పేటకు ఎనభై మంది చొప్పున రోజుకు ఆరు బంతులు, ఆఖరి రోజు అయిదు. ముద్దపప్పు, గోంగూర, దోసకాయ పచ్చడి, పెరుగు. మొదటి రోజు ఆరో బంతి లేచేసరికి దీపాలు పెట్టే వేళైంది, మర్నాటి పప్పు ఏరుకోవలసి ఉంది.

ఊళ్లోవాళ్లకు నగరం బాగా కుదిరింది. చౌకు గవ్వలాగా ఒకవైపుకు వాలి, ఎర్రటి ఇటుక పరుపుతో పొద్దల్లా ఎండకు కాగుతూ ఉంది. అది చూశాక పల్నాటి రైతు చేతులు ఊరుకుంటాయా? మిరపకాయలు తెచ్చి ఆరబోశారు. దయానందం దాన్ని సాంస్కృతిక వినిమయం కింద రాసుకున్నాడు. బాపయ్య కాయ కావలి పేరుతో రోజూ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నాంచారమ్మ పట్టుచీర కట్టుకుని, కాఫీలోకి చెంబుతో సొంత పాలు తీసుకుని పోయింది.

రెండో రోజు ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి, "వదినా, ఏం గాలనుకున్నావు! ఆ కుర్చీలో కూచుంటే మోకాళ్ల నొప్పులే తెలవలా. నువ్వు రాకపోతివి," అంది.

"ఈ గరిటె పట్టుకో, ఇప్పుడే వస్తా."

"అయ్యో, బురుజు నీడ జరిగితే మళ్లీ కూచోలేం తల్లీ," అని నాంచారమ్మ గబగబా వెళ్లిపోయింది.

చౌకులో కాఫీ హోటలు నడిపే లూచియా పదకొండో బంతిలో తిని, చెయ్యి కడుక్కుంటూ, "అక్కా, నీకోసం ఒక కుర్చీ ఎవరికీ ఇవ్వకుండా పెట్టాను. ఎప్పుడొస్తావు?" అని అడిగింది.

"ఆరు బంతులూ లేచాక."

"అప్పటికి నేను మూసేస్తానక్కా. ఇంటికెళ్లి తొమ్మిదిమందికి వండాలి."

సామ్రాజ్యం పన్నెండో బంతికి విస్తళ్లు వేయడానికి వెళ్లింది.

గురువారం పదిహేడో పేటవాళ్లు పెరుగు రెండోసారి అడిగేసరికి అయిదున్నర అయింది. బయట బురుజు విప్పడం మొదలైంది. దయానందం సంతృప్తి పత్రం పట్టుకొచ్చాడు, వెనకాలే బాపయ్య.

"నాలుగో సూచన నెరవేరిందా అమ్మా?"

"లేదు. ఒక్క గంట ఆపించండి. చీర మార్చుకుని వస్తా."

"గంటా? రేపు పొద్దుటికి ఇది పక్క జిల్లాలో ఒకరి షష్టిపూర్తికి చేరాలి." దయానందం నిబంధనల పుస్తకం తిరగేశాడు. అతను చెడ్డవాడు కాదు. దారి దొరకగానే మొహం విప్పారింది. "ఇదిగోనమ్మా. దంపతులు ఒకే యూనిట్టు. మీవారు రోజుకు రెండు గంటలు కూర్చున్నారు. అంటే మీకు రావలసినదానికన్నా ఎక్కువే విశ్రాంతి తీసుకున్నారు మీరు."

"నీ వంతు కూడా నేనే కూచున్నా గందే," అన్నాడు బాపయ్య ప్రేమగానే.

సామ్రాజ్యం చెయ్యి కొంగుకు తుడుచుకుని, చూపించిన చోట సంతకం పెట్టింది. పదిహేడో పేటవాళ్లు విస్తళ్ల ముందు నుంచే చప్పట్లు కొట్టారు. దయానందం కాగితం తిప్పాడు.

"యాభై ఏళ్ల పండక్కి ఏ నగరం కావాలో ఇప్పుడే రాస్తే వరసలో ముందుంటారు."

"వెనీసు రాయండి సార్. నీళ్లల్లోనే ఉంటదంట. నారుమళ్లకు పనికొస్తది," అన్నాడు బాపయ్య.

పెరుగు గిన్నె పట్టుకుని బంతి వైపు కదిలిన సామ్రాజ్యం ఆగి, వెనక్కి తిరిగింది.

"ఏ నగరాన్నీ తేబాకండి సారూ. ఈయన్నీ, గేదెనీ, నాంచారమ్మొదిన్నీ, ఈ ఊరు మొత్తాన్నీ విప్పి మూడు రోజులు ఎటన్నా పట్టకపోండి. నేనొక్కదాన్నే ఈ బీట్లో కూచుంటా."