రికార్డు చేయబడిన గొంతు

మార్చి నెలలో ఒక మంగళవారం పొద్దున బ్యాంకు గుబ్బల ఏడుకొండలు గొంతును రికార్డు చేసుకుంది, తిరిగి ఇవ్వలేదు. ఇందులో వింతేమీ లేదు. ఫోనెత్తగానే ఈ సంభాషణ రికార్డు చేయబడుతుందని ముందే చెప్పారు. రికార్డయినదంతా బ్యాంకు ఆస్తి అని కార్డుతో ఇచ్చిన పుస్తకంలో నలభై ఒకటో షరతుగా అచ్చేశారు కూడా. చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేసినా చదవకపోవడం ఏడుకొండలు తప్పే.

జీవితాంతం ఉచితమని అంటగట్టిన క్రెడిట్ కార్డుకు ఏడాది తిరక్కుండానే ఐదొందల తొంభై రూపాయలు రుసుము వేశారు. "ఎవరి జీవితమండీ మీరు చెప్పింది? నాదా, ఈగదా?" అని ఫోనులో గట్టిగా అడిగాడు. అతని నోటివెంట వచ్చిన చివరి మాట అదే.

ఇంకొకడైతే సైగలతో నెట్టుకొచ్చేవాడేమో. ఏడుకొండలు ఏలూరు నిమ్మకాయల మార్కెట్లో వేలం వేసే మనిషి. పద్దెనిమిదేళ్లుగా ఆ అరుపుతోనే ఇల్లు గడుస్తోంది. వేసవి కాయ దిగడానికి ఇంకా పన్నెండు రోజులుంది. ఆలోగా గొంతు రాకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటానని కమీషను కొట్టు షావుకారు చెప్పేశాడు.

భార్య సత్యవేణి అతన్ని వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్ళింది. అక్కడి అమ్మాయి మర్యాదగా కంప్యూటర్లో చూసింది.

"గొంతు మా బ్రాంచిలో లేదండి. ముంబై వెళ్ళిపోయింది. క్వాలిటీ చెకింగ్‌లో ఉంది."

"ఎప్పుడిస్తారమ్మా?"

"సారే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి నోటితో చెప్పాలండి. వేరేవాళ్ళు చెబితే తీసుకోరు."

"ఆ నోరే ఉంటే మీ గుమ్మం ఎందుకు తొక్కుతాం తల్లీ!"

"ఆ ఆప్షన్ సిస్టమ్‌లో లేదండి," అని ఆ అమ్మాయి మంచినీళ్ళు ఇప్పించింది.

ఏడుకొండలు ఫోను చేశాడు. తెలుగు కొరకు రెండు నొక్కాడు. ఫిర్యాదు కొరకు ఏడు నొక్కాడు. గొంతు సంబంధిత ఫిర్యాదు కొరకు తొమ్మిది నొక్కాడు. నొక్కేసినవాళ్ళే మళ్ళీ మనల్ని నొక్కమంటారు, ఏం సిగ్గులేనితనమో! చివర్లో పేరు చెప్పమన్నారు. అతను చెప్పలేదు. స్పందన లేనందున కాల్ ముగించబడింది. పన్నెండు రోజుల్లో రెండొందలసార్లు ముగించబడింది. కస్టమరు సహకరించడం లేదని బ్యాంకు రాసుకుని, అందుకు మరో రుసుము వేసి, రెంటి మీదా వడ్డీకి వడ్డీ కట్టసాగింది.

పదమూడో రోజు షావుకారు నూజివీడు నుంచి వేరే మనిషిని తెచ్చుకున్నాడు. ఏడుకొండలు ఇప్పుడు అదే మార్కెట్లో బస్తాలు మోస్తున్నాడు.

జులై ఐదో తారీఖున, మొగుడికి అన్నం పెడుతుండగా సత్యవేణికి ఫోనొచ్చింది.

"నమస్కారం మేడమ్. మీ కార్డు బకాయి విషయమై మాట్లాడుతున్నాము."

సత్యవేణి చేతిలో గరిటె జారిపోయింది. అది ఏడుకొండలు గొంతు. ఆ జీర, ఆ సాగదీత అన్నీ అతనివే. ఏడుకొండలేమో ఎదురుగా పీట మీద కూర్చుని ముద్ద కలుపుకుంటున్నాడు.

"నా మొగుడి గొంతుతో నన్నే డబ్బులడుగుతార్రా, మీ దుంపతెగ!" అని మొదలుపెట్టి, వచ్చిన తిట్లన్నీ తిట్టింది. గొంతు ఓపిగ్గా విన్నది. ఇన్నేళ్ళ కాపురంలో అది ఎదురు చెప్పకుండా వినడం ఇదే మొదలు.

"మీ బాధ అర్థమైంది మేడమ్. ఈ రోజు కట్టగలరా?"

ఏడుకొండలు ఎంగిలి చేత్తోనే ఫోను లాక్కుని చెవికి పెట్టుకున్నాడు. గొంతు మరోసారి అడిగింది. అతను గుడ్లనీరు కుక్కుకుని, కడతామన్నట్టు తల ఊపాడు. ఇంకెవడు అడిగినా సత్యవేణి ఛీ పొమ్మనేది. ఆ గొంతు అడిగితే తనూ కాదనలేకపోయింది.

"దుద్దులు తాకట్టు పెట్టి మొత్తం ఒక్కసారే తీర్చేద్దామా?" అంది ఫోను పెట్టేశాక.

ఏడుకొండలు కంగారుగా చెయ్యి అడ్డంగా ఊపాడు. మొత్తం తీర్చేస్తే ఇక ఫోను రాదు. బిల్లు తెచ్చి, కనీస చెల్లింపు అని ఉన్నచోట వేలు పెట్టి చూపించాడు. ఆ నెల అంతే కట్టారు.