ఆగిపోయే గేమ్ పెట్టెకో దండం

మీ ఇంట్లో గేమ్ కన్సోల్ ఉందా? అది ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి ఆగిపోతోందా? అయితే మీరు అదృష్టవంతులు. ఆగకుండా పనిచేస్తుంటే మాత్రం, అర్జెంటుగా ఎవరినైనా పిలిచి ఆగిపోయేలా చేయించుకోండి!

నవ్వకండి. చాలా బాధ్యతతో చెబుతున్న మాట ఇది. నిక్షేపంగా పనిచేసే వస్తువుని ఈ లోకంలో పట్టించుకున్నవాడెవడు? మీ గోడకున్న మేకు ఇన్నేళ్ళుగా క్యాలెండర్లు మోస్తోంది. ఎలా ఉన్నావే అని ఒక్కనాడైనా అడిగారా? అది ఊడిపడిన రోజున ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరతారు. ఆగిపోయిన వస్తువుకున్న మర్యాద పనిచేసే వస్తువుకి లేదు. నమ్మకపోతే అంబాజీపేట వెళ్ళి, కొబ్బరి వ్యాపారి రాజబాబు గారి ఇల్లెక్కడని అడగండి.

రాజబాబు గారికి అరవై దగ్గర పడ్డాయి. అల్లుడు గారు కొత్త కన్సోల్ కొనుక్కుని, పాతది మామగారికి బహూకరించి వెళ్ళారు. అందులో లారీ తోలే ఆట ఒకటుంది. జన్మలో స్టీరింగు ముట్టని మనిషి ఆనాటి నుంచి మంచు కురిసే దేశాల్లో లారీ తోలడం మొదలుపెట్టారు. ఆయన సొంత కాయ లోడు కాటా దగ్గర పొద్దస్తమానం నిలబడి ఉన్నా ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండదు. టీవీలో లారీకి ఎర్రలైటు పడితే మాత్రం ఒళ్ళు మండిపోతుంది.

అల్లుడిచ్చిన వస్తువుకి అల్లుడికి చేసినంత మర్యాదా చెయ్యాలి కదా! హాల్లో షోకేసు ఖాళీ చేయించి అందులో కూర్చోబెట్టారు. అద్దాల తలుపులు వేశారు. సముద్రపు గాలి తగిలితే ఇనుము తుప్పు పడుతుందని కోనసీమలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు కాబట్టి, జరీ అంచు వేసిన మఖమల్ ముసుగు కుట్టించి తొడిగారు. ఆడేటప్పుడు కూడా ఆ ముసుగు తీసేవారు కాదు. పెళ్ళికొడుకుని ఉత్త ఒంటితో కూర్చోబెడతామా?

ఇంత వైభవం మధ్య ఒకరోజు, లారీ కొండ ఎక్కుతుండగా పెట్టె టుప్పున ఆగిపోయింది. మర్నాడూ అదే కొండ, అదే టుప్పు. రాజబాబు గారికి అన్నం సయించలేదు. ఆ లారీలోని జున్ను డబ్బాల లోడు మధ్యదారిలో ఉండిపోయింది, అవతల పార్టీకి ఏం సమాధానం చెప్పాలి? ఆ పార్టీ ఎవరో, ఏ దేశమో ఆయనకి తెలియదు. అయినా మాట మాటే!

అల్లుడిని అడిగితే ఇచ్చిన వస్తువుకి వంక పెట్టినట్టవుతుంది. అందుకని రోగ నిర్ధారణకి స్థానిక నిపుణులకే కబురు వెళ్ళింది.

ఇక్కడ మా కోనసీమ పద్ధతి ఒకటి విన్నవించుకోవాలి. భోజనం వేళకి గుమ్మం ఎక్కిన మనిషిని విస్తరి వెయ్యకుండా పంపడం మా ఇంటా వంటా లేదు. నిపుణులు ఈ సంగతి ఎరిగినవారే. అందరికీ తీరిక సరిగ్గా పన్నెండింటికే దొరికేది.

వండేది సూర్యావతి గారు, రాజబాబు గారి భార్య. వాళ్ళ వంటింటికి ఒకప్పుడు కిటికీ ఉండేది. ఇప్పుడూ ఉంది, కాకపోతే వెనకాల కొబ్బరి గొడౌన్ కట్టాక, తెరిస్తే గోడ కనిపిస్తుంది. పొగ బయటికి లాగే ఫ్యాను ఒకటి పెట్టించండని ఆవిడ కూతురి పెళ్ళికి ముందు నుంచీ అడుగుతున్నారు. చూద్దాంలే అని ఆయన అప్పటి నుంచీ చూస్తున్నారు. ఈలోగా స్టూలు మీద పెట్టుకున్న పాత టేబుల్ ఫ్యాను ఒక్కటే ఆవిడకి దిక్కు. తల అటూ ఇటూ తిప్పడం మానేసిన ఫ్యాను. అదీ మంచిదే, ఆవిడ వైపే చూస్తుంటుంది.

మొదట మలికిపురం నుంచి నాగసతీష్ వచ్చాడు. ఇన్వర్టర్లు బాగుచేస్తాడు. పెట్టెని చూడకుండానే వోల్టేజీ అని తేల్చాడు. సాయంత్రమయ్యేసరికి రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే మోటార్లన్నీ ఒక్కసారి తిరుగుతాయి, ఇళ్ళల్లో కరెంటు నీరసపడిపోతుంది. మరి ఇది మధ్యాహ్నం కూడా ఆగిపోతోంది కదా అంటే, నీరసం పొద్దున్నే వదులుతుందా అన్నాడు. ఓ స్టెబిలైజర్ తగిలించి, ఆవ పెట్టిన పనసపొట్టు కూర మారు వడ్డించుకుని వెళ్ళాడు. పెట్టె ఆగిపోయింది. స్టెబిలైజర్ మాత్రం దివ్యంగా గుయ్యిమంటూ పనిచేసింది.

తర్వాత రిటైర్డ్ హెడ్మాస్టరు నారాయణమూర్తి గారు వచ్చారు. పెట్టె ఆగ్నేయం చూస్తోంది, వేడెక్కక ఏం చేస్తుందన్నారు. గోడ వైపు తిప్పించారు. దానికి ఊపిరాడే కంతలు వెళ్ళి గోడకి అతుక్కున్నాయి. ఆ పూట అది కొండ దాకా కూడా రాలేదు. దోషం బయటికి పోతున్న లక్షణమని ఆయన సంతోషించారు, పూర్తిగా పోవాలంటే మరో రెండు మూడు భోజనాలు, క్షమించాలి, మరో రెండు మూడు దర్శనాలు అవసరమన్నారు. పక్కింటి పైడమ్మ దిష్టి అంది. షోకేసులో కర్పూరం వెలిగించి తలుపులు మూశారు!

రోజూ నలుగురైదుగురు. చూశారా, ఒక్క పెట్టె ఆగిపోవడం వల్ల ఆ ఇంటికి ఎంత కళ వచ్చిందో? పనిచేసే పెట్టెకి ఈ శక్తి ఉందా?

చివరికి దిండి వైపు రొయ్యల చెరువులు చేసే బంగారరాజు, ఓ బుట్టెడు రొయ్యలతో దిగాడు. ముసుగు మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు.

"ఇది చెరువు జబ్బేనండి రాజబాబు గారూ. గాలందకపోతే రొయ్య తెల్లారేసరికి పైకి తేలిపోద్ది చూసేరా, అదేనండి ఇదీను. ఆగిపోవడం జబ్బు కాదండి. కాలిపోకుండా తన్ను తనే కాపాడుకుంటోందండి. మూసి పెట్టకూడదు, ఆపకుండా తోలకూడదు, గాలి ఆడాలి. అంతేనండి."

ఈ మాటలు వంటింట్లో రొయ్యలు ఒలుస్తున్న సూర్యావతి గారికి వినపడ్డాయి. మూసి పెట్టకూడదు. ఆపకుండా తోలకూడదు. ఎవరో తన గురించే మాట్లాడుతున్నట్టనిపించి ఆవిడ చెయ్యి ఆగింది.

హాల్లో రాజబాబు గారి కళ్ళు చెమర్చాయి. నోరులేని వస్తువు, లోపల ఎంత ఉక్కపోసిందోనని వాపోయారు. ముసుగు అవతల పారేశారు, అద్దాలు బార్లా తెరిచారు, గబగబా వంటింట్లోకి వచ్చారు. ఇన్నేళ్ళకి ఈయనకి తట్టింది కాబోలని సూర్యావతి గారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. ఆశ పడ్డారు, దాచడం దేనికి?

ఆయన స్టూలు మీది ఫ్యాను చంకన పెట్టుకున్నారు. "ఒక్క పూటకేలే," అన్నారు.

వైద్యం ఫలించింది! ఫ్యాను గాలికి పెట్టె పరవళ్ళు తొక్కింది. ఆ ఒక్క పూట వారం సాగింది. పెట్టెకి అలసట తెలియకుండా రాజబాబు గారు మధ్యమధ్య రెస్టు ఇచ్చేవారు. రెస్టులో తోచక కాఫీ అడిగేవారు. అంటే పెట్టెకి రెస్టు ఇచ్చినప్పుడల్లా సూర్యావతి గారు స్టవ్ ముట్టించారన్నమాట. జబ్బు కుదిరిన సంబరం చూడ్డానికి నిపుణులంతా మళ్ళీ రావడం మొదలుపెట్టారు, పన్నెండింటికే.

ఆదివారం నాడు లారీ కొండ దిగింది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుండగా జున్ను డబ్బాలు గమ్యం చేరాయి. చప్పట్లు మోగాయి. ఈ శుభసందర్భంలో రాజబాబు గారు కాఫీకి కేకేశారు. జవాబు లేదు. మళ్ళీ కేకేసి, వెళ్ళి చూశారు.

సూర్యావతి గారు ఆగిపోయారు. గరిట చేతిలోనే ఉంది, మనిషి గ్రైండరుకి చేరగిలబడిపోయి ఉన్నారు.

మొహాన నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచారు. నిపుణులంతా చుట్టూ మూగారు. నాగసతీష్ నీరసమన్నాడు. స్టవ్ ఏ దిక్కున ఉందని నారాయణమూర్తి గారు పరిశీలించారు. పైడమ్మ ఉప్పు కోసం వెతికింది. బంగారరాజు కూడా బాగా ఆలోచించి, వయసండి అన్నాడు. రాజబాబు గారు చెమట్లు కక్కుతూ, నీకేం తక్కువైందే అని నిజంగానే భయపడిపోతూ అడిగారు. ఆ వంటింట్లో అందరికీ ఉక్కపోస్తోంది, ఎందుకన్నది మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

ఆవిడ చేతిలో గరిట పక్కన పెట్టారు.

"నాకేం జబ్బు లేదండి," అన్నారు. "కాలిపోకుండా ఆగేనంతే. మొన్న పెట్టెకి మీరే చెప్పేరు కదండి బంగారరాజు గారూ."

లేచి, స్టవ్ కట్టేసి, హాల్లోకి నడిచారు. టేబుల్ ఫ్యానుని పెట్టె మీది నుంచి తన వైపు తిప్పుకున్నారు, కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నారు. నోరు తెరవబోయిన భర్తతో మెత్తగా ఒక్క మాట అన్నారు.

"ఒక్క పూటకేలెండి."

అన్నం సగం ఉడికి ఆగిపోయింది. నిపుణులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరికీ ఒక్కసారే పనులు గుర్తొచ్చాయి.

ఆ తర్వాత ఏమైందంటారా? రాజబాబు గారికి బుద్ధొచ్చింది. వెంటనే అమలాపురం వెళ్ళి ఖరీదైన ఫ్యాను కొనుక్కొచ్చారు, గేమ్ పెట్టెకి. వంటింటి ఫ్యాను సంగతి ఇంకా చూస్తున్నారు.

సూర్యావతి గారు ఇప్పుడేమీ అడగడం లేదు. ఎవరైనా పన్నెండింటికి గుమ్మం ఎక్కితే చాలు, ఉన్నట్టుండి ఆగిపోతారు. ఫ్యాను ముందు కూర్చుని ఓ చిన్ననవ్వుతో మంచు దేశాల్లో లారీ తోలుతుంటారు. కొండ ఎక్కడం ఆయన కంటే బాగానే వచ్చిందట.

అందుకే మొదటే మనవి చేశాను, ఆగిపోవడం వరమని. మీరింకా పెట్టె గురించే అనుకుంటున్నారా? పోనీ, కన్సోల్ సంగతి వదిలేయండి. మీ వంటింట్లో ఫ్యానుందా?