ఆదిలక్ష్మి బరువు

శనివారం మొదటి బస్సుకు ధర్మవరం పోయి, ఆసుపత్రిలో డాక్టరమ్మతో ఆరోగ్య సర్టిఫికెట్ రాయించుకుని, అక్కడి పోస్టాఫీసులోనే దరఖాస్తు వేసి, మధ్యాహ్నం సంగటి వేళకు ఇల్లు చేరాలని సుబ్బరాయుడు అనుకున్నాడు. ముదిగుబ్బ పక్క పల్లెలో మెట్టసేద్యం చేసుకునే ఆయనకు అదేమంత పెద్ద పనిగా తోచలేదు. కూతురు ఆదిలక్ష్మి పి.యు.సి. మంచి మార్కులతో పాసై మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెడుతోంది. మిగతా కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఈ సర్టిఫికెట్ ఒక్కటే తక్కువ. డాక్టరమ్మ సర్టిఫికెట్లు రాసేది శనివారం పొద్దున పది గంటల వరకే. ఆ రోజు టపాలో పడకపోతే దరఖాస్తు గడువులోగా చేరదు.

చిక్కంతా ముందురోజు ముదిగుబ్బలో మందులషాపు ఆయన అన్న మాటతో వచ్చింది. "బరువు గూడా చూస్తారప్పా" అన్నాడాయన మామూలుగా. ఆ మాటను మోసుకుంటూ ఊరికి నడిచి వచ్చేసరికి సుబ్బరాయుడి నోట అది, "బరువు తక్కువుంటే దరఖాస్తు చించి పారేస్తారంట" అయింది.

ఆదిలక్ష్మి చింతబరిగెలా సన్నగా ఉంటుంది. సుబ్బరాయుడు అప్పటికప్పుడు కూతుర్ని కళ్లంలో వేరుశనగ మూటలు తూచే కాటా మీద కూర్చోబెట్టాడు. అవతలి పళ్లెంలోని మూట కిందికి దిగి కదలనంది.

"శెనక్కాయల మూటకే సరిపోల్యా ఈ పిల్ల!" అని ఆయన నుదురు కొట్టుకున్నాడు.

"బరువు తక్కువుంటే తీసుకోరని యాడా రాసిల్యా నాయనా" అంది ఆదిలక్ష్మి.

"రాసినట్లే అంతా జరుగుతాండాదా మే?"

ఆయన తల్లి సుంకమ్మ ముందుకొచ్చింది. "నువ్వు ఊరకుండు సుబ్బరాయుడూ. రేపు పొద్దున్నే బరువెక్కిచ్చి పంపించే పూచీ నాది" అంది.

తెల్లవారగానే అవ్వ మనవరాలి ముందు కూర్చుంది. రాగిసంగటి, నంజుకోవడానికి ఊరిబిండి పచ్చడి పెట్టింది. దాని మీద అలసంద వడలు, ఆ మీద బెల్లంతో చేసిన వేరుశనగ ఉండలు.

"చాలవ్వా, పట్టదు."

"సంగటే పట్టని కడుపులో డాక్టరు చదువు యాడ పడుతుంది మే? తినల్ల. మజ్జిగ గూడా తూకంలోకి వస్తాది, తాగు."

బస్సులోనూ తూకం తగ్గకూడదని సుబ్బరాయుడు మామిడిపండ్లు మూటగట్టుకుని, రాళ్లదారి పొడుగునా ఒక్కొక్కటే కూతురి చేతిలో పెట్టాడు. అదే బస్సులో ఆంజనప్ప అనే ముదిగుబ్బ పెద్దమనిషి భార్యా బంధువులతో హిందూపురంలో పెండ్లికి పోతున్నాడు. వాళ్లు ధర్మవరంలో దిగి రైలు అందుకోవాలి. "పిల్ల బాగా తింటాదే" అని ఆంజనప్ప భార్య మెచ్చుకుంది కూడా.

బస్సు ధర్మవరంలో ఆగింది. ఆదిలక్ష్మి మెట్టు దిగింది. ఒక్క నిమిషం నిలబడింది. తర్వాత, అవ్వ పూచీ పడినదంతా బస్టాండులో నేలపాలైంది.

ఆ ఎండాకాలం కలరా భయంతో, ఎక్కడ వాంతి కనిపించినా వదలొద్దని పైనుంచి తాఖీదు వచ్చి ఉంది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఏసురత్నం అందుకే పొద్దున్నుంచీ బస్టాండులో కాపు కాస్తున్నాడు. పనిలో నిక్కచ్చి మనిషి. సైకిలు గోడకు ఆనించి పరుగున వచ్చాడు.

"ఏమప్పా, పిల్ల పొద్దున ఏం తినింది?"

తినిపించి తూకం పెంచామని తెలిస్తే దొంగతూకం కింద రాసుకుంటారేమోనని సుబ్బరాయుడు భయపడ్డాడు. "ఏమీ తినల్యా సార్. ఉత్త కడుపుతోనే వచ్చినాం" అన్నాడు.

ఉత్త కడుపున ఇంత వాంతి! ఏసురత్నం రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎవురూ కదలాకండి! కలరా మాదిరుండాది!" అని కేక వేశాడు.

ఆ మాట వినగానే ఆంజనప్ప భార్యకు కడుపులో తిప్పింది. ఆమెకు బస్సు ప్రయాణమే పడదు. ఆవిడా ఓ పక్కకు పోయి వంగింది.

"రెండో కేసు!" అన్నాడు ఏసురత్నం.

బస్సు తలుపు మూశారు. కండక్టర్ గంగప్ప, "మా బస్సుకేం సంబంధం ల్యా సార్, వాళ్లు ముదిగుబ్బలో ఎక్కినారు" అని తప్పించుకోబోయి, తన చొక్కా చేయి తానే పైకి లాక్కోవలసి వచ్చింది. అందరినీ వరసగా నిలబెట్టి సూదులు వేశారు. ఆసుపత్రి మనిషినొకణ్ని బ్లీచింగ్ పౌడరుతో, సూదిమందుతో సుబ్బరాయుడి పల్లెకు తోలారు. జిల్లా ఆఫీసుకు టెలిగ్రాం కూడా పోయింది. ఇంతలో హిందూపురం రైలు కూత వేసుకుంటూ వెళ్లిపోయింది. ఆంజనప్ప ఒక చేత్తో భుజం పట్టుకుని, రెండో చేత్తో తలపాగా సర్దుకుంటూ సుబ్బరాయుడి వైపు చూసిన చూపు చెప్పనలవి కాదు.

సుబ్బరాయుడు ఇక తట్టుకోలేకపోయాడు. "సార్, అబద్ధం చెప్పినా. పిల్ల సానా తినింది. సంగటి, వడలు, మామిడిపండ్లు..."

"భయపడి మాట మారుస్తాండావు" అన్నాడు ఏసురత్నం దయగా. "నాకు కొత్త కాదులేప్పా. ఆ షెడ్డులో కూచోండి."

షెడ్డు గోడకున్న గడియారంలో పది దాటింది. ఆదిలక్ష్మి దరఖాస్తు కవరును ఒళ్లో పెట్టుకుని ముల్లు వైపే చూస్తూ కూర్చుంది. తండ్రి ముఖం చూసి ఏడుపు ఆపుకుంది.

"తప్పు నాదే మే" అన్నాడు సుబ్బరాయుడు నేల చూస్తూ.

"మామిడిపండ్లు మాత్రం బాగుండాయి నాయనా" అంది ఆదిలక్ష్మి.

పెనుకొండ క్యాంపుకు బయలుదేరుతున్న డాక్టర్ నాగరత్నమ్మను జీపు దగ్గరే ఆపి షెడ్డుకు పిలుచుకొచ్చారు. ఆమె ఏసురత్నం చెప్పేదంతా విని, ఆదిలక్ష్మి ముందు కూర్చుంది.

"నువ్వు చెప్పమ్మా. ఏం తిన్నావు?"

ఆదిలక్ష్మి సంగటి దగ్గర మొదలుపెట్టి చివరి మామిడిపండు దాకా చెప్పింది. ఎందుకు తిన్నదో కూడా చెప్పింది.

డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి స్టెతస్కోపు సవరించుకుంది. "బరువు తక్కువైతే సీటు ఇవ్వరని ఎవరు చెప్పారమ్మా? ఎంతుందో తూచి రాయడమే మా పని."



ఏసురత్నం ముందుకొచ్చాడు. "అమ్మా, జిల్లా ఆఫీసుకు టెలిగ్రాం ఇచ్చేసినా. ఈ పిల్లకు ఏ జబ్బూ లేదని మీరు పరీక్ష చేసి రాసియ్యకపోతే నా ఉద్యోగానికే ముప్పు."

డాక్టరమ్మ ఆదిలక్ష్మి కళ్లు చూసింది. నాలుక చూసింది. గుండె, ఊపిరితిత్తులు విన్నది. ఎత్తు కొలిచి, షెడ్డులోని పార్సిళ్ల కాటా మీద బరువు తూచింది. ఈమెకు ఎలాంటి అంటువ్యాధీ లేదు, సంపూర్ణ ఆరోగ్యంతో ఉంది అని రాసి సంతకం చేసింది.

ఆదిలక్ష్మి మెల్లగా తన కవరు విప్పింది. "డాక్టరమ్మా, ఇదే మాట ఈ కాగితం మీద గూడా రాస్తారా?"

"పది దాటాక సర్టిఫికెట్లు రాయనమ్మా. ఒకరికి రాస్తే..."

"రాయండమ్మా!" అని ఏసురత్నం చేతులు జోడించాడు. "ఎన్ని కాగితాల మీద ఆరోగ్యంగా ఉంటే నాకంత మంచిది!"

డాక్టరమ్మ రాసింది. టపా సంచి కట్టేస్తారేమోనని ఏసురత్నమే సైకిలెక్కి కవరును పోస్టాఫీసుకు చేర్చి వచ్చాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి ఊరంతా భుజాలు పట్టుకుని తిరుగుతోంది. సుంకమ్మ మాత్రం అరుగు మీద తృప్తిగా కూర్చుని ఉంది. పిల్లకు సీటు కావాలంటే ఊరందరూ సూది వేయించుకోవాలని ఆమె అర్థం చేసుకుంది. తాను వేయించుకోవడమే కాక, వద్దన్నవాళ్లను చేయి పట్టుకుని లాక్కొచ్చి మరీ వేయించింది. "ఎవురినీ వదల్లేదు మే. ఇంగ సీటు యాడికీ పోదు" అంది.

సీటు నిజంగానే వచ్చింది. ఆ కబురు విని ముదిగుబ్బ నుంచి ఆంజనప్ప వస్తున్నాడని తెలిసి సుబ్బరాయుడు గడ్డివాము వెనక్కి తప్పుకోబోయాడు. కానీ ఆంజనప్ప తిట్టడానికి రాలేదు. భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ల వెనక కండక్టర్ గంగప్ప, ఆ వెనక ఆనాటి బస్సులోని వాళ్లు ఇంకా చాలామంది.

"మా భుజాలు వాచినందుకే గదా పాపా నీ కాగితం రాసినారు" అన్నాడు ఆంజనప్ప అరుగు మీద కూర్చుంటూ. "ఇంగ మా మంచీచెడ్డా నువ్వే చూడల్ల. ముందు ఈమె కడుపు సంగతి చెప్పు."

మొదటి సంవత్సరం పుస్తకాలు ఇంకా కొననే లేదు, అప్పటికే ఆదిలక్ష్మికి బస్సెడు రోగులు తయారయ్యారు.