చిన్న బండి కావాలన్నందుకు

మనిషికి ఏం కావాలో ఆ మనిషికి తప్ప లోకంలో మిగతా అందరికీ స్పష్టంగా తెలిసిపోయిన కాలంలో మనం బతుకుతున్నాం. ఇది సామాన్యమైన ప్రగతి కాదు. వెనకటి రోజుల్లో జనం తమకేం కావాలో తామే ఆలోచించుకుని, తామే అడిగి, తామే కొనుక్కుని నానా అవస్థలూ పడేవారు. ఇప్పుడా శ్రమ లేదు. అందుకు కార్యాలయాలున్నాయి.

ఈ సంగతి ఇంకా చెవిన పడని సోఫాలావిడ ఒకరోజు పొద్దున్నే, మరిదిని వెంటబెట్టుకుని బండి కొనడానికి బయల్దేరింది.

ఆవిడ పని పాత సోఫాలకు కొత్త బట్ట వేయడం. కుంగిన స్ప్రింగులు మార్చి, స్పాంజి నింపి, అంచులు లాగి మేకులు కొట్టిందంటే ఆ సోఫా ఇంకో పదేళ్లు ఇంటిల్లిపాదినీ మోస్తుంది. వచ్చిన చిక్కల్లా, సోఫా తనంతట తాను నడిచి దుకాణానికి రాదు. ఇన్నాళ్లూ ఆవిడ భర్త, మరిది కలిసి మోసుకొచ్చేవారు. మొన్నామధ్య ఎవరింట్లోనో మెట్ల మలుపులో భర్తకు నడుం పట్టేసింది. అప్పట్నించీ ఆయన దుకాణంలోనే, బాగుచేయాల్సిన సోఫా మీద, బాగుచేయాల్సిన సరుకులో ఒకడిగా పడుకుని ఉన్నాడు. అద్దె బండివాడు వస్తానన్న రోజు రాడు. వచ్చిన రోజు వాడి బండి సందులో పట్టదు. "పోనీలెండి, పాతది పారేసి కొత్తదే కొనేస్తాం" అని ఖాతాదారులు ఒక్కొక్కరే జారుకుంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడకు ఎవరో తెలిసినవాళ్లు పోయినంత దిగులు.

కావలసిన బండి ఎలా ఉండాలో ఆవిడకు కళ్లకు కట్టినట్టుంది. ముందు ఇద్దరు కూర్చోవాలి. వెనక ఒక సోఫా పడుకోవాలి. సందులో తిరగాలి. రాత్రి కుట్టుమిషను పక్కనున్న ప్లగ్గులో పెడితే పొద్దున్నకి సిద్ధంగా ఉండాలి. ధర విన్నాక గుండె చేత్తో పట్టుకోవాల్సిన పని ఉండకూడదు. అంతే.

షోరూములో వాళ్లకి 'మహాపర్వతం' అనే కరెంటు బండిని చూపించారు. మరిది మంచి పొడగరి. అయినా దాని ముందు నిలబడితే బానెట్ అవతల ఏముందో అతనికి కనపడలేదు. (నడిపేవాళ్లకీ కనపడదు. అందుకే బండి నిండా కెమెరాలు పెట్టారు. అవి ఉన్నందుకు ధర పెంచారు.)

"ఇది మీ ముఖం చూసి తలుపు తీస్తుంది మేడం," అన్నాడు సేల్స్ ఆయన.

"తాళంచెవితో తీయదా?"

"తాళంచెవి యాప్‌లో ఉంటుందండి. దానికి నెలనెలా చందా. సీటు వీపు పిసుకుతుంది. దానికి వేరే చందా."

ఆవిడ సంచిలోంచి టేపు తీసి వెనక సామాను పెట్టే చోటు కొలిచింది. నాలుగడుగులు. తర్వాత తలుపు తీయించుకుని (ముఖం రెండుసార్లు చూపించాల్సి వచ్చింది, మొదటిసారి బండికి నచ్చలేదు) లోపలి వెనక సీటు కొలిచింది. ఆరున్నర.

"వదినా, సోఫా వాళ్లే లోపల పెట్టేసుకున్నారు," అన్నాడు మరిది. "ఇంక మనదెక్కడ పెడతాం?"

"చిన్నదేమైనా ఉందా?" అని ఆవిడ అడిగింది.

సేల్స్ ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఉందండి. కానీ ఇక్కడ గట్టిగా అడక్కండి."

షోరూము వెనక షెడ్డులో, పాత టైర్ల పక్కన, టార్పాలిన్ కింద ఉందది. రెండు సీట్లు. తిప్పితే దిగే కిటికీ అద్దాలు. టచ్‌స్క్రీన్ తెర ఉండాల్సిన చోట ఒక అర, అందులో గ్లాసు పెట్టుకోవచ్చు. వెనక ఏ హంగూ లేని చదునైన ఇనప బల్ల. ఆవిడ కొలిచింది. ఏడడుగులు. మళ్లీ కొలిచింది. అప్పుడూ ఏడే. సీటు మీద అరచెయ్యి వేసి నొక్కి చూసి, "స్పాంజి పలచనే గానీ కుట్టు గట్టిది," అంది. ఆ తర్వాత సీటు మీంచి చెయ్యి తీయకుండా నిలబడిపోయింది. వదిన బేరమాడకుండా అలా నిలబడిపోవడం మరిది ఇంతకుముందెప్పుడూ చూడలేదు.

ధర చెప్పించుకుని, నమ్మకం కుదరక మళ్లీ చెప్పించుకుని, "ఇచ్చేయండి," అంది.

"ఇవ్వడానికి లేదండి. ఇలాంటిది ఎవరికీ అక్కర్లేదని సర్వేలో తేలింది." (సర్వే పద్ధతి ప్రకారమే జరిగింది. మహాపర్వతం కొని ఇంటికెళ్తున్నవాళ్లని ఆపి, చిన్నది కావాలా అని అడిగారు.) "అక్కర్లేనిది అంటగడితే మోసం కింద వస్తుంది. మీకు నిజంగానే కావాలని కోరికల నిర్ధారణ కార్యాలయం నుంచి ధ్రువపత్రం తెచ్చుకోండి. పక్క వీధే."

కోరికల నిర్ధారణ కార్యాలయంలో హాలు కిటకిటలాడుతోంది. చిరిగిన రెక్సిన్ బెంచీల మీద జనం, గోడల వెంట జనం, మెట్ల మీద జనం. ఆవిడ టోకెన్ తీసుకుని ఒక ఫ్రిజ్జుల మెకానిక్ పక్కన ఇరుక్కుని కూర్చుంది.

"మీరు కూడా చిన్న బండికేనాండీ?"

"మెల్లిగానండి," అన్నాడాయన. "'మీరు కూడా' అనే మాట ఇక్కడ వాడకూడదు. చిన్న బండి కోరేవాళ్లెవరూ లేరు కాబట్టి వచ్చిన ప్రతివాణ్ణీ ఒంటరి కేసు అని రాసుకుంటారు. నేను ఒంటరి కేసుని. ఆ మొక్కలమ్మే ఆయన ఒంటరి కేసు. ఆ మెట్ల మీదున్నవాళ్లంతా ఒంటరి కేసులే."

సూపరింటెండెంటు మర్యాదస్తుడు. ఆవిడకు కుర్చీ చూపించి, డాక్టరులా ముందుకి వంగాడు.

"ఈ కోరిక మీకు ఎప్పట్నించి ఉందమ్మా?"

"మా ఆయనకి నడుం పట్టేసినప్పట్నించండి."

"దిగులు వల్ల," అని రాసుకున్నాడు. "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా మరిదికీ ఉంది."

"అంటుకునే రకం." అదీ రాసుకున్నాడు. "ఎదురింటివాళ్లు మహాపర్వతం కొంటే మీకు నిద్ర పడుతుందా?"

"మా గుమ్మానికి అడ్డం పెట్టకపోతే పడుతుందండి."

కలం ఆగిపోయింది. ఇది ముదిరిన కేసని ఆయనకు అర్థమైంది. వెంటనే ఆనంద పరీక్షకు పంపాడు. మణికట్టుకి యంత్రం కట్టి, మహాపర్వతం సీటులో కూర్చోబెట్టి, వీపు పిసికించారు. యంత్రం కదల్లేదు. ఆవిడ మాత్రం సీటు అంచు తడిమి, "కుట్టు వదులుగా ఉంది, ఏడాది తిరక్కుండా ఊడుతుంది," అని చెప్పింది. తర్వాత చిన్న బండి ఫొటో చూపించారు. యంత్రం అందరూ తిరిగి చూసేంత గట్టిగా మోగింది.

"ఇంక ధ్రువపత్రం ఇచ్చేస్తారాండీ?"

"ఎలా ఇస్తానమ్మా?" సూపరింటెండెంటు నిజంగానే బాధపడ్డాడు. "చిన్న బండిని ఇంత పెద్దగా కోరుకోవడం నిబంధనలకు విరుద్ధం. బండి చిన్నదైనప్పుడు కోరిక కూడా చిన్నదిగానే ఉండాలి. తగ్గేదాకా వారం వారం వచ్చి కూర్చోండి."

ఆవిడ వారం వారం వెళ్లి కూర్చుంది. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి కాబట్టి మూడో వారం సంచిలో సూదీ దారం తెచ్చుకుని, తను కూర్చున్న బెంచీ చిరుగులు కుట్టింది. నాలుగో వారానికి ఆ బెంచీ కోసం జనం పోట్లాడుకుంటుంటే సూపరింటెండెంటు బయటికొచ్చి చూశాడు. వేలితో కుట్టు తడిమాడు. ముఖం వికసించింది.

"హాల్లో బెంచీలన్నీ ఇలాగే చేసిపెట్టండమ్మా. దుకాణానికి తీసుకెళ్లి తీరిగ్గా చేసి తెచ్చివ్వండి."

"ఎలా తీసుకెళ్లనండీ?"

ఆయన బెంచీ వైపు చూశాడు. గుమ్మం వైపు చూశాడు. గేటు దాకా నడిచి వెళ్లి, చేతులు చాచి వెడల్పు అంచనా వేసుకుని వచ్చాడు. "మహాపర్వతమైతే ఈ గేట్లో పట్టదు. పట్టినా బెంచీ అందులో పట్టదు. ఏదైనా చిన్నది, వెనక చదునుగా, హంగులేం లేకుండా ఉంటే..."

హాల్లో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. ఆయన ఆగిపోయాడు, కానీ కాస్త ఆలస్యంగా.

ఆయన దగ్గర చాలా ఏళ్లుగా పనిచేస్తున్న గుమాస్తా లేచి, ఒక టోకెన్ చించి, రెండు చేతులతో అందించాడు. "ఎప్పట్నించి ఉందండీ సార్, ఈ కోరిక?" అని ఎంతో వినయంగా అడిగాడు.

ఫ్రిజ్జుల మెకానిక్ పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చాడు.

బెంచీలు దుకాణానికి రాలేవు కాబట్టి దుకాణమే బెంచీల దగ్గరికి వచ్చింది. ఆవిడ కుట్టుమిషను హాలు మూలకు చేరింది. మరిది స్పాంజి కోస్తున్నాడు. కుట్టిన బెంచీలు మెత్తగా ఉన్నాయని జనం ఇంకాసేపు కూర్చుంటున్నారు, కూర్చున్న కొద్దీ రెక్సిన్ చిరుగుతోంది, చిరిగిన కొద్దీ పని దొరుకుతోంది. భర్త మందులకు ఇబ్బంది లేదు. ఊళ్లోని సోఫాలు మాత్రం చెత్త కుండీల పక్కన స్ప్రింగులు బయటపెట్టుకుని వానలో తడుస్తున్నాయి. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు ఆవిడ ఆ వైపు చూడకుండా నడవడం అలవాటు చేసుకుంది.

"వదినా, ఆ నీలం సోఫా మనం ఒకప్పుడు చేసిందే," అన్నాడు మరిది ఒకరోజు.

"తెలుసు. నడు."

కొత్త సూపరింటెండెంటు వచ్చాక పాత కేసులు ఒక్కొక్కటే తిరగేశారు. ఆవిడను పిలిపించారు.

"దరఖాస్తు పెట్టి చాలా కాలమైందే. ఇన్నాళ్లూ బండి లేకుండానే బతికారా?"

"బతికానండి."

"సంపాదన?"

"పర్లేదండి."

"మరింకేం? బండి అక్కర్లేదని మీరే రుజువు చేశారు." ఆయన లేచి నమస్కారం పెట్టాడు. "నయమైపోయింది. ఈ కార్యాలయం చరిత్రలో మీరే మొదటివారు."

ఆవిడ నోరు తెరిచింది. మణికట్టుకి యంత్రం ఇంకా కట్టి ఉందేమోనని ఒకసారి చూసుకుంది. లేదు. నోరు మూసుకుంది.

నయమైందని ధ్రువపత్రం ఇచ్చారు. మొదటిది కదా అని గౌరవంగా, గోడంత పెద్ద టేకు ఫ్రేము కట్టించి మరీ ఇచ్చారు. దాన్ని ఇంటికి చేర్చుకునే ఏర్పాటు నయమైనవాళ్లే చూసుకోవాలని అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంది.