తక్రార్ లేని కాలేజీ

యువతలో హింస సమూలంగా అంతరించిందని ప్రకటించడానికి నాందేడ్ నగరంలోని జ్ఞానసరిత కనిష్ఠ మహావిద్యాలయం మిక్కిలి సంతోషిస్తున్నది. అంతరించిన సంగతి యువతకు తెలియజేయడం ఒక్కటే మిగిలింది. ఆ పనికి ఒక ఉపసమితిని వేశారు.

(కనిష్ఠ మహావిద్యాలయం అంటే ఇంటర్ కాలేజీ. కనిష్ఠం, మహా రెండూ ఒకే బోర్డు మీద పక్కపక్కన ఉన్నా ఇక్కడ ఎవరికీ ఏమీ అనిపించదు.)

ఈ సంగతులన్నీ నాకు ఎలా తెలుసునంటే, ఆ కాలేజీలో పన్నెండో తరగతి చదివే శ్రీకర్ నా మేనల్లుడు. మా చెల్లెలు రోహిణి కొడుకు. బావ రైల్వేలో గార్డు. ఎప్పుడు చూసినా బండి మీదే ఉంటాడు కాబట్టి వాడి చదువు సంధ్యల విషయంలో ఆఫీసుల చుట్టూ తిరిగే భాగ్యం నాకు దక్కింది.

ముందు ఒక పురస్కారం గురించి చెప్పాలి. శాంత విద్యాలయ ప్రోత్సాహక మండలి అని ఒకటుంది. ఏడాది పొడుగునా కొట్లాటల గురించి ఒక్క తక్రార్, అంటే ఫిర్యాదు, కూడా నమోదు కాని కాలేజీకి ఆ మండలి ఒక షీల్డు ఇస్తుంది, ప్రిన్సిపాల్‌కు శాలువా కప్పి కొబ్బరికాయ చేతిలో పెడుతుంది. తక్రార్ లేకుండా చేయడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, పిల్లలు కొట్టుకోకుండా చూడటం. రెండు, కొట్టుకున్నామని వచ్చినవాళ్ల దగ్గర కాగితం తీసుకోకపోవడం. మొదటిదానికి పిల్లల మనసు తెలియాలి. రెండోదానికి టేబుల్ సొరుగుకు తాళం ఉంటే చాలు. కాలేజీవారు తమ శక్తిసామర్థ్యాలను నిజాయితీగా అంచనా వేసుకుని రెండో మార్గం ఎంచుకున్నారు.

ఇక గొడవ ఎక్కడ మొదలైందంటే, ఫ్లెక్సీ దగ్గర. మా ఊళ్లో చౌక్ అన్నాక భావూ అని పిలిపించుకునే ఒక గల్లీ నాయకుడు ఉంటాడు, భావూ అన్నాక వాఢదివస్ ఉంటుంది, పుట్టినరోజు అన్నాక ఫ్లెక్సీ ఉంటుంది. మధ్యలో భావూ నల్లద్దాలు పెట్టుకుని, చెవి దగ్గర ఫోన్ పట్టుకుని నిలువెత్తున ఉంటాడు. కింద వరసలు వరసలుగా శుభేచ్ఛుకుల తలకాయలు. పై వరసలో ఉన్నవాడు భావూకు దగ్గరివాడు, కింది వరసలో ఉన్నవాడు కానివాడు. ఈ నియమం ఎక్కడా రాసిలేదు. అందుకే అందరూ పాటిస్తారు.

శ్రీకర్‌కు ఫోన్‌లో బొమ్మలు కూర్చే పిచ్చి ఉంది. ఉమేశ్ భావూ పుట్టినరోజు ఫ్లెక్సీ వాడే చేశాడు. అదే కాలేజీలో చదివే అనికేత్ అనే కుర్రాడు తన ఫోటో ఆలస్యంగా పంపాడు. అప్పటికి వరసలు నిండిపోయాయి. శ్రీకర్ దాన్ని కింద మూలకు సర్దాడు. అంతటితో పోయేదేమో. కానీ కట్టేటప్పుడు తాడు దూర్చడానికి పొడిచిన కన్నం సరిగ్గా అనికేత్ నుదుటి మీద పడింది. ఫ్లెక్సీ చౌక్‌లో ఉన్నన్నాళ్లూ అటు పోయినవాళ్లంతా ఆగి నవ్వుకుని పోయారు.

శ్రీకర్ కాలేజీకి పోవడం మానేశాడు. ఎందుకురా అని నేను నిలదీస్తే తల వంచుకుని చెప్పాడు.

"మామా, వాడు ఏ చేత్తో బ్యానర్ చేసినవో ఆ చెయ్యి ఇరగ్గొడ్త అంటుండు. ఉత్తగ అంటలేడు. వాని కండ్లు చూస్తే నాకు భయమైతున్నది."

పోలీసు ఠాణాకు పోదామన్నాను. రోహిణి ఒప్పుకోలేదు. "ఠాణాకు పోతే ఇద్దరు పోరండ్ల పేర్లు ఖరాబైతయి అన్నా. వాడు గూడ ఎవరో తల్లి కొడుకే గదా. కాలేజీల పెద్దమనుషులున్నరు, పిలిచి నాలుగు మాటలు చెప్తరు" అంది. పెద్దమనుషుల మీద మా చెల్లెలికి ఉన్న నమ్మకం అలాంటిది.

కాలేజీలో హింసా అవగాహన, నివారణ సమితి అని ఒకటుంది. మొదట అవగాహన, తర్వాత నివారణ. ఈ ఏడాది అవగాహన నడుస్తోంది. నివారణ వచ్చే విద్యాసంవత్సరంలో మొదలవుతుంది. అధ్యక్షుడు భూగోళం చెప్పే లక్ష్మణరావు సారు. తాతల కాలం నుంచీ తెలంగాణ సరిహద్దులోని బిలోలి వాళ్లు, కాబట్టి మాతో తెలుగులోనే మాట్లాడతాడు. కార్యదర్శి మరాఠీ చెప్పే వత్సల మేడం.

"సార్, మా పోరన్ని కొడ్తమని బెదిరిస్తుండ్రు. జర ఆ అనికేత్‌ను పిలిచి మాట్లాడుండ్రి" అంది రోహిణి.

"కొట్టిండ్రా?" అన్నాడు లక్ష్మణరావు సారు.

"ఇంకా లేదు సార్."

"మరి తక్రార్ ఎట్ల రాస్కోవాలె అమ్మా? జరగని దాని మీద రాస్తే అబద్ధం రాసినట్టు గాదా?"

"అయితే కొట్టినంక రావాల్నా?"

"కొట్టినంక అస్తే ఏం ఫాయిదా? అయిపోయినదాన్ని నివారించలేం గదా. మాది నివారణ సమితి."

(కొట్టకముందుకూ, కొట్టిన తర్వాతకూ మధ్య ఒక లిప్తకాలం ఉంటుందని, ఆ సమయంలో ఆఫీసు తెరిచి ఉంటే తక్రార్ తీసుకోవడానికి సమితికి ఎట్టి అభ్యంతరమూ లేదని నాకు తర్వాత బోధపడింది.)

"తాయీ, కాళజీ కరూ నకా" అంది వత్సల మేడం. బెంగ పడకండి అని అర్థం. ఈ మాట ఏ ఆఫీసులో విన్నా మా ఇంట్లో బెంగ ఆ క్షణం నుంచే మొదలవుతుంది.

మమ్మల్ని కూర్చోబెట్టి సమితివారు తమ అసలు పనిలో పడ్డారు. రాబోయే శాంతి సప్తాహానికి ఫ్లెక్సీ వేయించాలి. పై వరసలో ఎవరి ఫోటో ఉండాలన్నది ప్రశ్న. అధ్యక్షుడిది ఉండాలని అధ్యక్షుడు, పనంతా చేసేది కార్యదర్శి కదా అని కార్యదర్శి. పోయినేడు తన ఫోటో తపాలా బిళ్లంత వేశారని మేడం లేచి నిలబడింది. సారు బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. నీళ్ల గ్లాసు కింద పడి పగిలింది. ప్రిన్సిపాల్ పరుగున వచ్చి ఇద్దరినీ చెరో గదిలో కూర్చోబెట్టాల్సి వచ్చింది. హింసకు మూలకారణాలు అధ్యయనం చేసే సమితి కనుక ఇదీ అధ్యయనమే అనుకుని మేము మెదలకుండా కూర్చున్నాం.

కాసేపటికి సారు శాంతించి బయటికి వచ్చాడు. "అమ్మా, మీ పోరడు బ్యానర్లు మంచిగ చేస్తడట గదా?"

"ఆ బ్యానర్ చేసిండనే గదా సార్ ఇదంతా అయింది!"

"గదే అంటున్న. ఎట్లాగు ఇంట్ల ఖాళీగనే ఉన్నడు. మాదొకటి చేసి పంపుమను. నా ఫోటో మీద కన్నం గిన్నం పడకుండ చూస్కొమ్మను."

నాకు ఒళ్లు మండింది. రోహిణి నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. మా శ్రీకర్ ఆ ఫ్లెక్సీ కూడా చేసి పంపాడు. పై వరసలో ఇద్దరి ఫోటోలూ పెట్టి, స్కేలుతో కొలిచినట్టు సమానంగా వేశాడు. ఇద్దరూ తమది చిన్నదైందని ఫోన్ చేశారు.

తర్వాత అవగాహన పరీక్ష వచ్చింది. మొబైల్‌లోనే రాయాలి. "హింస దేనివల్ల కలుగును? (అ) సినిమాలు (ఆ) మొబైల్ (ఇ) పై రెండూ" అనే తరహా ప్రశ్నలు. "మిమ్మల్ని ఎవరైనా బెదిరిస్తే ఏమి చేయవలెను?" అన్నదానికి శ్రీకర్ "పెద్దలకు చెప్పవలెను" అని గుర్తు పెట్టాడు. తప్పు. "మౌనముగా, ప్రసన్నముగా ఉండవలెను" అన్నది సరైన జవాబు. పరీక్షలో మొదటి స్థానం అనికేత్‌కు వచ్చింది. కాలేజీ మొత్తంలో హింస అంటే ఏమిటో బాగా ఎరిగినవాడు అతడేనని సమితి తేల్చింది. ఇందులో సమితిని తప్పుపట్టడానికి వీల్లేదు.

మొదటి స్థానం వచ్చినవాడిని శాంతిదూతగా నియమించి ఛాతీకి తెల్లపావురం బిళ్ల తగిలిస్తారు. భయపడే విద్యార్థులను క్షేమంగా ఇంటికి దింపి రావడం శాంతిదూత విధి. రుజువుగా ఇద్దరూ కలిసి దిగిన ఫోటో మండలికి పంపాలి. లక్ష్మణరావు సారు ఉత్సాహంగా రోహిణికి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇగ మీ ఫికర్ ఖతం. యూనిట్ టెస్టుకు పోరన్ని తోలియ్యుండ్రి, రాకపోతే మార్కులు పోతయి. పరీక్షైనంక శాంతిదూత దగ్గరుండి ఇంటిదాంక దింపుతడు."

"ఎవరు సార్ ఆ దూత?"

"అనికేత్ అని. హుషార్ పోరడు."

"సార్, మా వాన్ని కొడ్తనన్నది గా పోరడే!"

"అయితే ఇంక మంచిదాయె గదమ్మా. ఇద్దరికి ముందుగాలనే ఎర్కనే."

పరీక్ష మానలేం. శాంతిదూత మాకొద్దని చీటీ రాసిచ్చాను. వద్దనడానికి నిబంధన లేదని వెనక్కి ఇచ్చారు. నేనే స్కూటర్ తీసుకుని పరీక్ష అయ్యే వేళకు కాలేజీ ముందరి గేటు దగ్గర నిలబడ్డాను. పిల్లలంతా వచ్చారు, మావాడు రాలేదు. అడిగితే, రక్షణ పొందే విద్యార్థులను రద్దీ లేని వెనక గేటు గుండా పంపుతారని వాచ్‌మన్ చెప్పాడు. ఆ తోవకు శాంతిమార్గం అని పేరు పెట్టారట.

నేను చుట్టూ తిరిగి వెళ్లేసరికి శ్రీకర్ గోడ పక్కన కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఉండకూడని వైపుకు వంగి ఉంది. పక్కన ఎవరూ లేరు.

సర్కారు దవాఖానలో ఎముకల వార్డులో వాడు నాతో చెప్పిన మాటలు ఇవి.

"ఫోటో దిగేదాంక మంచిగనే ఉన్నడు మామా. భుజం మీద చెయ్యి గూడ ఏసిండు. ఫోటో తీసినోడు పోంగనే పడేసిండు. కొట్టుకుంట ఏడుస్తుండు మామా. అందరు నవ్విండ్రు, నువ్వు గూడ నవ్వినవా అని అడుగుతుండు. నేను గూడ నవ్విన మామా. అదే చెప్పిన."

నాకు ఏడుపు వచ్చింది. ఇద్దరి కోసమూ వచ్చింది. బడి, కాలేజీ, సమితి, సప్తాహం ఇన్ని ఉండి, ఆ అనికేత్‌ను కూర్చోబెట్టి నీకేమైంది నాయనా అని అడిగినవాడు లేడు. అడిగి ఉంటే, ఆ కన్నం గురించి చెప్పుకుని ఇంటికి పోయేవాడేమో.

ఠాణా ఇప్పుడూ వద్దనే అంటూ రోహిణి మళ్లీ కాలేజీకే వెళ్లింది. ఈసారి ఆమె కూర్చోలేదు. "ఇప్పుడు కొట్టిండ్రు సార్. చెయ్యి ఇరిగింది. ఇప్పుడన్న రాస్కోండ్రి" అంది.

లక్ష్మణరావు సారు తన ఫోన్‌లో ఉన్న ఆనాటి ఫోటో చూపించాడు. అనికేత్ చెయ్యి శ్రీకర్ భుజం మీద ఉంది, ఇద్దరూ కెమెరాను చూస్తున్నారు, కింద తేదీ, వేళ, అక్షాంశ రేఖాంశాలతో సహా ఉన్నాయి. పక్కన ఆకుపచ్చ అక్షరాలతో "క్షేమముగా దింపబడెను" అని మండలి సైట్‌లో నమోదైపోయింది.

"క్షేమంగ దిగిన పోరడు ఎట్ల పడ్డడో మాకేం ఎర్క అమ్మా? ఎక్కడన్న జారిపడ్డడేమో అడుగుండ్రి" అన్నాడు సారు.

"జారిపడ్డోని ఒంటి మీద బూటు గుర్తులెట్ల వస్తయి సార్?" అంది రోహిణి. వత్సల మేడం కిటికీలోంచి బయటికి చూసింది. పాపం, ఆమెకు జవాబు తెలిసినట్టే ఉంది. కానీ పురస్కారం ఇచ్చే రోజు దగ్గర పడింది.

శాంతి సప్తాహం చివరి రోజున ప్రతిజ్ఞ. విద్యార్థులందరూ కుడిచెయ్యి ముందుకు చాచి, ఇకమీదట హింసకు పాల్పడనని పలకాలి. రాలేనివారు వీడియో పంపాలి. పంపకపోతే శ్రీకర్‌ను వార్షిక పరీక్షకు కూర్చోనివ్వరేమోనని రోహిణి భయం. మంచం మీద కూర్చోబెట్టి తీసింది. వాడు ఎడమచెయ్యి చాచి, తడబడకుండా మొత్తం పలికాడు. ఆ వీడియోను వెనక్కి పంపారు. ఎడమచెయ్యి నియమావళిలో లేదు.

అనికేత్ కుడిచెయ్యి చాచి అందరికన్నా గట్టిగా పలికాడని విన్నాను. కాలేజీకి షీల్డు వచ్చింది, శాలువా కప్పారు, కొబ్బరికాయ ఇచ్చారు. సమితి తన తుది నివేదికను మండలికి పంపింది. విద్యార్థులందరూ ప్రతిజ్ఞాపూర్వకంగా హింసను విడిచిపెట్టారనీ, విడిచిపెట్టనివాడు శ్రీకర్ అనే విద్యార్థి ఒక్కడే మిగిలాడనీ, అతడు ప్రస్తుతం దవాఖానలో ఉన్నందున అతని వల్ల తోటివారికి ఎలాంటి ప్రమాదమూ లేదనీ అందులో రాశారు.