కల్లంలో పరాయి పట్టా

ఎనభై ఆరో సంవత్సరం, మార్చి నెలలో ఒక మంగళవారం పొద్దున కాఫీ తాగుతూ బుల్లయ్య వేసుకున్న ప్లానులో లోటేమీ లేదు. వినుకొండ రోడ్డు పక్కన కల్లంలో ఎండబోసిన మిరపకాయలకు ఇంకొక్క ఎండ చాలు. బుధవారం బస్తాలకు తొక్కించడం, గురువారం గుంటూరు యార్డుకు తోలడం. ఆ ఏడాది ఇంటిల్లిపాదీ పడ్డ రెక్కల కష్టమంతా ఆ కల్లంలోనే ఉంది. ఆకాశంలో మబ్బుతునక కనిపించలేదు కాబట్టి ఆ రాత్రి కాపలా మానేసి హాయిగా ఇంట్లో పడుకున్నాడు. అసలు తప్పు అక్కడే జరిగింది గానీ, ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు.

రాత్రి ఒంటిగంటకు వాన దంచి కొట్టింది. బుల్లయ్య, భార్య కోటిరత్నం గుండె చిక్కబట్టుకుని కల్లానికి పరుగెత్తారు. తీరా చూస్తే కాయంతా ఒకచోట కుప్పగా పోసి ఉంది. పైన పెద్ద లారీ పట్టా, దాని అంచుల మీద వరసగా రాళ్ళు. లోపల కాయ పొడిగా ఉంది. చుట్టుపక్కల మనిషి జాడ లేదు.

ఎవరో మహానుభావుడు కాపాడి పోయాడని కోటిరత్నం కళ్ళు తుడుచుకుంది. బుల్లయ్యకు మాత్రం ఆ రాళ్ళు చూశాక భయం పట్టుకుంది. అంత శ్రద్ధగా రాళ్ళు పెట్టాడంటే వాడికేదో లాభం ఉండి తీరాలి.

"ఊరికే ఎవడు చేస్తాడే? మంచి కాయ ఎత్తుకుపోయి, అడుగున తాలు పోసుంటాడు."

తాలంటే రంగు పోయిన తెల్లకాయ. బస్తాలో అది బయటపడితే యార్డులో ఆ రైతు ముఖం చూసేవాడు ఉండడు. పొద్దున కూలికి వచ్చిన అంకమ్మ ఇంకో అనుమానం అందించింది, ఎవరైనా చేతబడి చేసి నిమ్మకాయ పెట్టారేమోనని. ఎండెక్కి నేల ఆరగానే బుల్లయ్య కుప్ప మొత్తం లాగి, మళ్ళీ కల్లం నిండా పరిచి వెతికాడు. తాలు లేదు, నిమ్మకాయా లేదు, కాయ తగ్గినట్టూ లేదు. ఇంత ఆధారం కూడా వదలకుండా పని చేశాడంటే దొంగ మామూలువాడు కాడని తేల్చుకుని, పట్టా మడిచి సైకిలుకు కట్టి పోలీసు స్టేషనుకు బయల్దేరాడు.

హెడ్ కానిస్టేబులు జక్రయ్య ఏం పోయిందని అడిగాడు. ఏమీ పోలేదన్నాడు బుల్లయ్య. పోనీ ఎవరైనా కొట్టారా అంటే, అదీ లేదన్నాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇలాంటి కేసు తగల్లేదు కాబట్టి, హెడ్డు ఎందుకైనా మంచిదని పట్టాను స్వాధీనం చేసుకుని దానికి కేసు చీటీ కట్టించాడు. అప్పుడు ఉరిమింది.

బుల్లయ్య పట్టా ఇచ్చెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డాడు. సొంతదారు వస్తే తప్ప కుదరదన్నాడు హెడ్డు. తడవకుండా ఉన్న కాయను తన చేతులతో తానే ఆరుబయట పరిచి వచ్చానని ఏడ్చుకుంటూ, బుల్లయ్య జోరువానలో సైకిలు తొక్కాడు.

కల్లంలో కాయ మళ్ళీ కుప్పగా ఉంది. పైన ఇంకో పట్టా ఉంది. రోడ్డు మీద ఖాళీ లారీ ఆగి ఉంది. తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకాయన, కోటిరత్నం, అంకమ్మ కలిసి అంచుల మీద రాళ్ళు పెడుతున్నారు.

"నా పేరు మీరా హుస్సేనండీ, ఈ లారీ నాదే. రాత్రి ఇటు పోతుంటే చినుకు మొదలైంది. కేకేస్తే ఎవరూ పలకలేదు. మాదీ మిరప సేద్యమే, కాయ తడుస్తుంటే చూస్తా పోలేకపోయా. బండిలో హమాలీలున్నారు, అందరం కలిసి ఎత్తేశాం. ఇప్పుడా పట్టా తీసుకుపోదామని వచ్చానండీ. ఏదండీ?"

బుల్లయ్య సిగ్గుపడుతూ అతని చేతులు పట్టుకుని జరిగినదంతా చెప్పుకుని, అదే లారీ ఎక్కి అతన్ని స్టేషనుకు తీసుకుపోయాడు.

హెడ్డు ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. ముక్కూమొహం తెలియని రైతు కాయ మీద అర్ధరాత్రి వానలో ఊరికే పట్టా కప్పి పోయాడంటే తాను నమ్మనన్నాడు. ఇందులో ఏదో ఉందన్నాడు. లోకంలో అలాంటి మనుషులు ఉంటారని బుల్లయ్య గంటసేపు వాదించాడు, పిల్లల మీద ఒట్టు వేశాడు.

"ఉంటారా? అయితే చెప్పవయ్యా. నువ్వెప్పుడన్నా ఎవరికన్నా అట్టా చేశావా?"

బుల్లయ్య చాలాసేపు ఆలోచించి, కాసిని మంచినీళ్ళు ఇప్పించమన్నాడు.